ఫోన్ రాకపోతే ఏమీ లేనట్టే

మాన్యువల్స్ రాసి బతికినవాళ్ళ జీవితంలో చెప్పుకోవడానికి ఏముంటుందని మీరనుకుంటే నేనేమీ నొచ్చుకోను. మా ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు. రిటైరైన రోజు మా తమ్ముడు, "ఇన్నాళ్ళూ ఎవరూ చదవని పుస్తకాలు రాశావు, ఇకనైనా ఎవరో ఒకరు చదివేది రాయి" అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు. సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే గైడ్‌ని చదివేవాళ్ళు రెండు రకాలు. రాసినవాళ్ళు ఒకరు, అంతా చెడగొట్టుకున్నాక దిక్కుతోచని వాళ్ళు ఇంకొకరు. అయినా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, "ఇందులో మనం చేసేదేముంది మేడమ్, బటన్ ఎక్కడుందో చెప్పడమేగా?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఒక్క సంగతి చెబుతాను.

మా ఆఫీసు టి. నగర్‌లో ఒక చీరల కొట్టు పైన, మూడో అంతస్తులో ఉండేది. పండగ రోజుల్లో లిఫ్టు నిండా పట్టుచీరల సంచులే. మేము మెట్లెక్కి, రొప్పుతూ వచ్చి కంప్యూటర్ల ముందు కూలబడేవాళ్ళం. ఆసుపత్రులకూ స్కూళ్ళకూ ట్రస్టులకూ రిపోర్టులు తీసిపెట్టే సాఫ్ట్‌వేర్ మాది. పెద్ద కంపెనీ కాదు. అందరికీ అందరూ తెలుసు, అందరి కోపాలూ అందరికీ తెలుసు. నా కోపం అందరికంటే ముందు తెలుసు.

రిసెప్షన్‌లో ఒక అక్క ఉండేది. వాషర్‌మెన్‌పేట్ మనిషి. వాళ్ళ తాతల కాలం నుంచీ అక్కడే. ఇంట్లోనూ చర్చిలోనూ తెలుగు, గడప దాటితే తమిళం, ఆఫీసు ఫోనెత్తితే ఇంగ్లీషు, అవతలివాళ్ళు హిందీ మొదలుపెడితే హిందీ. ఏ భాషలోనూ తడుముకునేది కాదు, ఏ భాషలోనూ గొంతు తగ్గించేది కాదు. మా పేట చూలై నుంచి బస్సులో నలిగి నేను లోపలికి అడుగుపెట్టగానే, "ఏం చెల్లీ, మొహం ఏంది అట్ట వాడిపోయుండాది? ఈడ కూచో, ముందు కాపీ తాగు, ఆమేల పోయి రాసుకుందువుగానీ" అనేది. నా కాఫీ సంగతి పట్టించుకున్న మనిషి ఆ ఆఫీసులో ఆవిడొక్కతే.

ఒక ఏడాది వానాకాలంలో మా కస్టమర్లలో ఒక ట్రస్టు మా బిల్డింగ్‌కి బండి పంపింది. ఊళ్ళో పేటపేటకీ తిరిగి ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేసే ట్రస్టు అది. మా సాఫ్ట్‌వేర్ వాడుతున్నందుకు మర్యాదగా మా ఆఫీసు ఆడవాళ్ళందరికీ ఉచితంగా చేస్తామన్నారు. ఎక్స్‌రే మెషీన్ ఉన్న వ్యాను మా బిల్డింగ్ ముందు వానలో నిలబడింది. మెట్ల దగ్గర ఒక వాలంటీర్ అమ్మాయి టాబ్లెట్ పట్టుకుని వివరాలు రాసుకుంటోంది. పేరు, వయసు, ఫోను, ఇంటి పేట, మాతృభాష.

మాతృభాష అనగానే నేను "తెలుగు" అన్నాను. ఆ అమ్మాయి తమిళంలో, "మీరు తమిళం బాగానే మాట్లాడుతున్నారు కదా" అంది. "మాట్లాడతాను. అయినా తెలుగే రాయి" అన్నాను. ఇది మా నాన్న అంటించిన జబ్బు. ప్రతి కాగితం మీదా అది రాయించేదాకా మా ఇంట్లో ఎవరమూ కదలం.

నా వెనకే అక్క. "ఏందమ్మా భాషంటే? ఇంట్లో తెలుగు, బళ్ళో చదివింది తమిళం. నువ్వు యేది రాసుకున్నా సరే. ఏ భాషలో పిలిచినా పలుకుతా" అంది. వరసలో ఉన్నవాళ్ళందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వింది. టాబ్లెట్‌లో ఒక్క భాషే ఎంచుకునే వీలుంది. ఏది ఎంచాలో తేలక ఆ గడి వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. వెనక నుంచి వాన జల్లు కొడుతోంది, అందరికీ తొందరే.

పరీక్ష అయ్యాక నర్సు అందరికీ ఒకటే మాట చెప్పింది. "ఏమన్నా అనుమానం ఉంటే మేమే ఫోన్ చేస్తాం. ఫోన్ రాకపోతే ఏమీ లేనట్టే. నిశ్చింతగా ఉండండి."

కొన్నాళ్ళకి నాకు ఫోనొచ్చింది. అవతలి అమ్మాయి చక్కటి తెలుగులో, "భయపడకండమ్మా, ఇంకోసారి చూద్దామంటున్నారు డాక్టరుగారు. మీది తెలుగని ఉంది, అందుకే నన్ను చేయమన్నారు" అంది. అంత భయంలోనూ ఆ తెలుగు వినడానికి హాయిగా అనిపించింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ చూశారు, ఏమీ లేదన్నారు. ఆ వారమంతా అక్క నన్ను పసిపిల్లను చూసినట్టు చూసింది. "నాకు పోనే రాలేదు చూడు. కట్టెలాంటి ఒళ్ళు నాది, నువ్వు సుమ్మా బయపడి చస్తావుండావు" అని ఏడిపించింది. 'సుమ్మా' అంటే తమిళంలో 'ఊరికే'. ఏమీ లేదని తెలిసిన రోజు పనిగట్టుకుని కిందికి దిగి మైసూర్‌పాక్ తెచ్చి అందరికీ పంచింది.

ఇక పని సంగతి. రిపోర్టు అంటే కాగితం మీద కనబడే పట్టిక. దాని వెనక, ఆ పట్టికకి కావలసిన వివరాలన్నీ ఒకచోట చేర్చి ఉంచేదాన్ని డేటాసెట్ అంటాం. ఒక్కో వివరం ఒక్కో ఫీల్డ్. అంతకుముందు ఏ కస్టమర్‌కైనా రిపోర్టులో కొత్త వివరం ఒకటి కావాలంటే మా వాళ్ళని బతిమాలుకోవలసి వచ్చేది. ఆ ఏడు, బండి రాకముందే, మా డెవలపర్ ఒక టూల్ తయారుచేశాడు. కావలసిన ఫీల్డ్ పక్కన టిక్ పెట్టి ఒక బటన్ నొక్కితే చాలు, అది వెళ్ళి రిపోర్టులో చేరుతుంది. ఇద్దరు ముగ్గురు కస్టమర్లకి గైడ్ కూడా లేకుండానే ముందుగా వాడి చూడమని ఇచ్చేశారు. గైడ్ రాయడానికి టూల్ నా బల్ల మీదికి వచ్చేసరికి మరుసటి వేసవి వచ్చింది, పక్కన పాండీ బజార్‌లో మామిడిపళ్ళ బళ్ళు వచ్చేశాయి.

డెవలపర్ గుంటూరు వైపు కుర్రవాడు. చురుకైనవాడే, నెమ్మదస్తుడే. నా కోపానికి జడిసి నాతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటకీ 'అండీ' తగిలించేవాడు. గైడ్‌లో బొమ్మల కోసం నేను ఎప్పటిలాగే నమూనా వివరాలు తయారుచేసుకున్నాను. మా ఆఫీసువాళ్ళ ఎక్స్‌టెన్షన్ నంబర్లు, ఎవరు ఏ బస్సులో వస్తారన్న వివరం. మొదట పేర్లూ నంబర్లతో రిపోర్టు తీశాను. అందరూ ఉన్నారు. తర్వాత బస్సు నంబరు ఫీల్డ్ కలిపాను. బస్సు నంబరు ముచ్చటగా వచ్చి కూర్చుంది. స్క్రీన్‌షాట్ తీసుకుని టీకి లేవబోతూ ఎందుకో మళ్ళీ చూశాను. మా మేనేజర్ పేరు లేదు. ఆయన కార్లో వస్తాడు. స్కూటరు మీద వచ్చే డెవలపర్ పేరూ లేదు.

నేనే పొరపాటున తీసేశాననుకుని మళ్ళీ మొదటి నుంచి చేశాను. మళ్ళీ మాయమయ్యారు. కుర్రవాణ్ణి పిలిచాను.

"అది బగ్ కాదండీ. బస్సు నంబరు వేరే పట్టికలో ఉందండీ. రెండింటిలోనూ ఉన్నవాళ్ళే వస్తారు" అన్నాడు.

"బస్సెక్కనివాళ్ళ గడి ఖాళీగా ఉండాలిగానీ మనిషే లేకుండా పోవడమేంటయ్యా?"

"కింద చిన్న పెట్టె ఉందండీ. 'ఖాళీలు కూడా ఉంచు' అని. దానికి టిక్ పెడితే వస్తారు. మామూలుగా టిక్ ఉండదు, ఉంటే రిపోర్టు కొంచెం నెమ్మదిస్తుందండీ."

చూశాను. పేజీ అడుగున, పక్కకి జరిపితేగానీ కనబడని చోట ఉందది.

మా వృత్తిలో మూడు మాటలు ఉన్నాయి. తెలిస్తే మంచిదనుకున్నచోట 'గమనిక' అని రాస్తాం. పని చెడిపోతుందంటే 'జాగ్రత్త' అని రాస్తాం. మనుషులకి హాని జరగొచ్చంటే 'హెచ్చరిక'. ఈ తేడా కోసం మేము పెళ్ళిసంబంధం మాట్లాడినంత సేపు వాదించుకుంటాం. నేను ఈ పెట్టె గురించి పెద్ద అక్షరాలతో 'హెచ్చరిక' అని రాసి మేనేజర్‌కి పంపాను. ఆయన వెంటనే గదిలోకి పిలిచాడు.

"మేడమ్, హెచ్చరిక అని చూస్తే కస్టమర్ భయపడతాడు. గమనిక అని మార్చండి. రిపోర్టులో ఒక వరస రాకపోతే ఎవరికి దెబ్బ తగులుతుంది?" అన్నాడు.

"వరస రాలేదని తెలిస్తే ఫరవాలేదు సార్. రాలేదని తెలిసేదెట్లా? మీరు రిపోర్టులో లేరు. లేరని మీకు కనబడిందా?"

ఆయన చిరాకుపడ్డాడు. చెడ్డవాడు కాదు, కానీ గైడ్‌లు బరువైన కొద్దీ అమ్మకాలు తగ్గుతాయని ఆయన నమ్మకం. "సరే, ఒక్క ఉదాహరణ చూపించండి. నిజంగా ఎవరికైనా హాని జరిగే ఉదాహరణ. అప్పుడు మీరు చెప్పినట్టే రాద్దాం" అన్నాడు. నేను రుసరుసలాడుతూ బయటికి వచ్చాను. ఆ పూటంతా ఉదాహరణ కోసం బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నాకేదీ తట్టలేదు.

మర్నాడు పొద్దున సపోర్ట్ చూసే అమ్మాయి ఉత్సాహంగా నా దగ్గరికి వచ్చింది. టూల్ ముందుగా వాడినవాళ్ళ అభిప్రాయాలు గైడ్ మొదటి పేజీలో వేద్దామని మేనేజర్ అడిగాడట. "ఇది వినండి మేడమ్, ఎంత బాగా రాశారో" అని పైకి చదివింది. అది ఆ పరీక్షల ట్రస్టు నుంచి వచ్చింది. 'మళ్ళీ పిలవవలసిన ఆడవాళ్ళ రిపోర్టులో మీ టూల్‌తో మాతృభాష కలుపుకున్నాం. ఇప్పుడు ఎవరి భాషలో వాళ్ళకి ఫోన్ చేయగలుగుతున్నాం. రిపోర్టు కూడా బాగా చిన్నదైంది. మధ్యాహ్నానికల్లా ఫోన్లన్నీ అయిపోతున్నాయి. ఎంతో కృతజ్ఞతలు.'

"ఏది, మళ్ళీ చదువు" అన్నాను.

చదివింది. 'రిపోర్టు కూడా బాగా చిన్నదైంది' దగ్గర ఆపమన్నాను. భాష గడి కలిపితే రిపోర్టు వెడల్పు కావాలి. చిన్నదెందుకవుతుంది? భాష ఎవరు చెప్పలేదు? నేను చెప్పాను. పట్టుబట్టి మరీ చెప్పాను, నాకు ఫోనొచ్చింది. చెప్పనివాళ్ళు? అద్దం తలుపులోంచి రిసెప్షన్ కనబడుతోంది. అక్క రిసీవర్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో హిందీలో నవ్వుతోంది.

కుర్చీ వెనక్కి తోసి లేచాను. ఆ అమ్మాయి, "ఏమైంది మేడమ్, నీళ్ళు తేనా?" అంటోంది. నేను డెవలపర్ దగ్గరికి వెళ్ళి ఆ వాక్యం చూపించాను. ఒక్కసారి చదివాడు. ఈసారి 'అండీ' కూడా అనలేదు. "అయ్యో" అన్నాడు, అంతే.

మేనేజర్ గదిలో తలుపేసి ట్రస్టుకి ఫోన్ కలిపాం. అవతల కోఆర్డినేటర్ పెద్దావిడ. తమ మెచ్చుకోలు గురించి అనుకుని సంతోషంగా పలికింది. డెవలపర్ ఆవిణ్ణి రిపోర్టు తెరవమనీ, పేజీ అడుగున ఉన్న చిన్న పెట్టెలో టిక్ పెట్టి మళ్ళీ తీయమనీ చెప్పాడు. మాకు ఆవిడ మౌస్ చప్పుడు వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"మేడమ్?" అన్నాడు మేనేజర్.

"ఇంకా వస్తున్నాయి" అంది ఆవిడ తమిళంలో. "పేజీలు పెరుగుతున్నాయి. అయ్యో, యేసయ్యా. వీళ్ళందరూ ఎక్కడున్నారు ఇన్నాళ్ళూ?"

ఎక్కడికీ పోలేదు. ఎక్స్‌రేలు చూసిన డాక్టర్లు తమ పని చేశారు, ఎవరిని మళ్ళీ పిలవాలో గుర్తు పెట్టారు. ఆ గుర్తులన్నీ చెక్కుచెదరకుండా లోపలే ఉన్నాయి. భాష గడి ఖాళీగా ఉన్నవాళ్ళు రిపోర్టులోకి రాలేదు, అంతే. ఆవిడ పేర్లు చదవలేదు, చదవకూడదు. పేటలు మాత్రం గొణుక్కుంటున్నట్టు చదువుకుంటూ పోయింది. వాషర్‌మెన్‌పేట్. వాషర్‌మెన్‌పేట్. చూలై. మళ్ళీ వాషర్‌మెన్‌పేట్. "ఎందుకు అన్నీ అటువైపే వస్తున్నాయి?" అంది.

ఎందుకో నాకు తెలుసు. అవి మా వీధులు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాతృభాషేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తేలక, అడిగినవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, "మీరేది రాసుకున్నా సరే" అనే మనుషులు మావాళ్ళు. వాళ్ళ భాషలో వాళ్ళకి ధైర్యం చెప్పాలని కలిపిన ఫీల్డ్ సరిగ్గా వాళ్ళనే తీసి పక్కన పెట్టేసింది.

"మా ఆఫీసు క్యాంపువాళ్ళు అందులో ఉన్నారా?" అని అడిగాను.

"అది నేను చెప్పకూడదమ్మా." కాసేపు ఆగింది. "ఇవాళే ఫోన్లు చేస్తాం. ఇప్పుడే మొదలుపెడతాం."

ఆ ఆగడంలోనే నాకు అర్థమైంది. బయటికి వచ్చి రిసెప్షన్ పక్క సోఫాలో కూర్చున్నాను. చెప్పనా, వద్దా? ఏమని చెప్పాలి? నాకు తెలిసిందేమిటి? అక్క నన్ను చూసి, "ఏంది చెల్లీ, పని ఎగ్గొట్టి ఈడ కూచున్నావు? మేనేజరు తిట్టినాడా? వానికి నేను చెప్తా ఉండు" అంది.

ఆవిడ సెల్‌ఫోన్ మోగింది. తీసుకుని తమిళంలో హుషారుగా మొదలుపెట్టింది. "ఆ టెస్టా? అదెప్పుడో అయిపోయింది కదమ్మా." తర్వాత వింది. చాలాసేపు వింది. "సరి" అంది. "సరి, సరి" అంది. నిలబడి ఉన్నది మెల్లగా కూర్చుంది. బల్ల మీద ఆఫీసు ఫోను మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది. ఆవిడ దానివైపు చూసింది గానీ చేయి చాచలేదు. అన్నేళ్ళలో ఆవిడ ఎత్తకుండా ఆ ఫోను మోగడం నేను అప్పుడే చూశాను. లేచి వెళ్ళి నేనే ఎత్తాను. అవతలివాళ్ళకి ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

గైడ్‌లో 'హెచ్చరిక' అని మేనేజరే తన చేత్తో టైపు చేశాడు. డెవలపర్ ఆ పెట్టెలో టిక్ ముందే ఉండేలా మార్చి, టూల్ తీసుకున్న కస్టమర్లందరికీ తనే ఫోన్ చేసి చెప్పాడు. ట్రస్టువాళ్ళు ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు, ఫోనెత్తనివాళ్ళ ఇళ్ళకి మనుషుల్ని పంపారు. చాలామందికి నాకు లాగే ఏమీ తేలలేదు. ఒక ఇంట్లో మాత్రం కూతురు ఫోనెత్తి, "అమ్మ పోయి నెల దాటింది" అందట. కోఆర్డినేటరే నాకు ఈ మాట చెప్పింది. ఏ జబ్బుతో పోయిందని నేను అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు, ఇప్పటికీ లేదు.

అక్కకి ఆపరేషన్ అయింది. బండి వచ్చిన రోజుల్లోనే ఆసుపత్రికి వచ్చి ఉంటే చిన్న గడ్డ తీసేస్తే సరిపోయేదన్నాడు డాక్టరు. ఇప్పుడు ఒకవైపు మొత్తం తీయాల్సి వచ్చింది, చంక దాకా. ప్రాణానికి ప్రస్తుతం ఫరవాలేదన్నాడు. ఆ 'ప్రస్తుతం' అన్న మాట మా అందరికీ వినబడింది, ఆవిడకీ వినబడింది. మందులన్నీ అయ్యాక చూడటానికి నేను వాషర్‌మెన్‌పేట్ వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని, చేయి వాచకుండా ఉండటానికి డాక్టరిచ్చిన రబ్బరు బంతిని పిసుకుతోంది. జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. నన్ను చూసి కాఫీ పెట్టడానికి లేచింది. నేను కూర్చోబెట్టాను.

"చెల్లీ, ఒకటి అడగతా. నిజం చెప్పు. నన్ను మరిచిపోయింది ఎవురు?"

అన్నీ చెప్పాను. గడి సంగతి, పెట్టె సంగతి. టూల్ ఎలా పనిచేస్తుందో, ఆవిడ పేరు ఎందుకు రాలేదో, ఇన్నేళ్ళ నా పనితనమంతా ఉపయోగించి విడమరిచి చెప్పాను. ఆవిడ బంతి పిసకడం ఆపి శ్రద్ధగా వింది. అంతా అర్థమైంది.

"అంటే ఎవురూ మరవలేదు. ఎవురూ తప్పు చేయలేదు. అంతేనా?"

"అంతే అక్కా."

"అట్ట చెప్పొద్దు" అంది. ఆవిడ గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు. "రాత్రుల్లో నిద్ర పట్టదు చెల్లీ. ఎవురినన్నా తిట్టుకోవాలని ఉంటాది. దేవుణ్ణి తిట్టలేను. ఎవురో ఒకరి పేరు చెప్పు. సుమ్మా ఒక్క పేరు."

టాబ్లెట్ పట్టుకున్న ఆ అమ్మాయిని తలుచుకున్నాను. వానలో తడుస్తూ నవ్వింది. కుర్రవాణ్ణి, కోఆర్డినేటర్‌ని, మేనేజర్‌ని, ఫోన్ రాకపోతే ఏమీ లేనట్టేనన్న నర్సుని వరసగా తలుచుకున్నాను. ఒక్క పేరూ నోటిదాకా రాలేదు. ఆవిడ బంతి ఒళ్ళో పెట్టుకుని, నేను చెబుతానని నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.